ఈ పనికి మీరిచ్చే జీతమెంతో ముందు మీరు చెప్పండి: హెచ్‌ఆర్ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన హెచ్‌ఆర్ అధికారులకు, జీతాలు ఖరారు చేసే మేనేజర్లకు, వారి పైనున్న యాజమాన్యాలకు,

నమస్కారం.

ఒక్క ఖాళీ కోసం వందల దరఖాస్తులు తిరగేసి, పైవాళ్లు ఇచ్చిన బడ్జెట్ దాటకుండా సరైన మనిషిని వెతకడం తేలికైన పని కాదని నాకు తెలుసు. అందుకే నా జీతం విషయం ముందుగా మా సంస్థ లోపలే అడిగాను. మూడుసార్లు రాతపూర్వకంగా అడిగాను. మొదటి లేఖకు "పరిశీలిస్తాం" అని ఒక్క ముక్క వచ్చింది. రెండోదానికి అప్రైజల్ (ఏడాది పనితీరు సమీక్ష) అయ్యాక మాట్లాడదాం అన్నారు. అప్రైజల్ అయ్యాక రాసిన మూడో లేఖకు జవాబే రాలేదు. లోపల ఎంత అడిగినా గోడకు చెప్పుకున్నట్టే అయింది కాబట్టి ఇప్పుడు మీ అందరికీ కలిపి రాస్తున్నాను. సంస్థ పేరు రాయను. ఒక్క సంస్థ తప్పే అయితే ఉద్యోగం మారి ఊరుకునేదాన్ని. ఇప్పటికి మూడు చోట్ల పనిచేశాను, మూడు చోట్లా ఇదే పద్ధతి.

నేను అడిగేది చిన్నదే. ఉద్యోగానికి వచ్చిన మనిషిని "ఇప్పుడు మీకెంత వస్తోంది?" అని అడగడం మానండి. "ఈ పనికి మేం ఇంత నుంచి ఇంత దాకా ఇస్తాం" అని ముందు మీరు చెప్పండి.

నాకు జరిగింది ఇదీ

పదకొండేళ్ల కిందట నా మొదటి ఇంటర్వ్యూ చివర్లో "ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు?" అని అడిగారు. అప్పటికి ఏడు నెలలుగా పని వెతుక్కుంటున్నాను. ఎక్కువ చెబితే చేతికొచ్చింది జారిపోతుందేమోనన్న భయం. తక్కువ చెబితే నష్టపోతాననీ తెలుసు. కానీ ఎంత తక్కువో, ఎంత ఎక్కువో చెప్పే కొలబద్ద నా దగ్గర లేదు. మీ దగ్గర ఉంది. "మీ రూల్స్ ప్రకారం ఎంతైనా ఫరవాలేదండీ" అన్నాను. వాళ్లు ఒక అంకె రాశారు, నేను సంతకం పెట్టాను.

నాలుగేళ్ల తర్వాత రెండో ఉద్యోగం. మూడు నెలల పే స్లిప్పులు ఇచ్చాక గానీ జీతం మాట ఎత్తలేదు. "ఇప్పుడొస్తున్న దాని మీద 30 శాతం హైక్ ఇస్తున్నాం, ఇంతకంటే మా పాలసీ ఒప్పుకోదు" అన్నారు. నేను సంతోషంతో ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. మూడో ఉద్యోగంలోనూ అంతే: పే స్లిప్పులు, శాతం, సంతకం.

రెండేళ్ల కిందట మా టీమ్‌లోకి ఒక అబ్బాయి వచ్చాడు. నాదీ అతనిదీ ఒకే హోదా. అనుభవంలో నాకంటే మూడేళ్లు చిన్న. పని నేర్పింది నేనే. బాగా నేర్చుకున్నాడు, మంచివాడు, ఇప్పటికీ నన్ను "అక్కా" అనే పిలుస్తాడు. పన్ను ఫారం నింపడంలో ఎక్కడో తేడా వస్తోందని, ఒకసారి చూసిపెట్టమని తన కాగితాలు నా ముందు పెట్టాడు. కూడికలో తప్పు దిద్దాను. దిద్దుతూ కింద మొత్తం చూశాను. నాకొచ్చే దానికంటే మూడో వంతు ఎక్కువ.

అతని మీద నాకు ఒక్క క్షణం కూడా కోపం రాలేదు. అతనికి ఇచ్చింది ఆ పనికి తగిన జీతమే. మరి అదే పనికి నాకు ఇస్తున్నది ఏమిటి?

ఆ ఏడు అప్రైజల్‌కు నేను చేసిన పనులన్నీ తేదీలతో సహా కాగితం మీద రాసుకుని వెళ్లాను. మా మేనేజర్ గారు అంతా ఓపిగ్గా చదివి అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. "మీ పని మీద నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు. కానీ మీ బేస్ తక్కువండీ. దాని మీద ఇన్ని శాతాలు అని వేయడం తప్ప నా చేతిలో ఏమీ లేదు." ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ బేస్ పదకొండేళ్ల కిందట, ఏడు నెలలు ఖాళీగా ఉండి భయపడ్డ ఒక కొత్త అమ్మాయి మాట మీద పడింది. ఇంకో సంస్థలో, ఇంకో పనికి పడింది. ఈ రోజు నేను చేసే పనికి, దానికి ఏ సంబంధమూ లేదు. అయినా మూడు సంస్థలు దాన్ని ఒకరి దగ్గర్నుంచి ఒకరు అందుకుని నా నెత్తినే పెట్టాయి.

దీనివల్ల మామూలు ఉద్యోగులకు జరుగుతున్నది

1. ఒకచోట జరిగిన అన్యాయం మనిషి ఎక్కడికి పోతే అక్కడికి వెంట వస్తోంది. అమెరికాలో ఐలీన్ రిజో అనే గణిత నిపుణురాలి కేసు దీనికి స్పష్టమైన ఉదాహరణ. 2009లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో కౌంటీ విద్యా కార్యాలయంలో చేరారు. అక్కడి నియమం ఏమిటంటే, పాత జీతం మీద 5 శాతం కలిపి కొత్త జీతం నిర్ణయించడం. చూడటానికి అందరికీ ఒకటే నియమం. 2012లో తోటి ఉద్యోగులతో కూర్చుని మధ్యాహ్నం భోజనం చేస్తుండగా, కొత్తగా చేరిన ఒకాయనకు తనకంటే ఎక్కువ వస్తోందని ఆమెకు తెలిసింది. కోర్టుకు వెళ్లారు. పాత జీతాన్ని సాకుగా చూపి ఆడవాళ్లకు తక్కువ ఇవ్వడం కుదరదని 2018లో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వెలువడేలోపే చనిపోయిన ఒక న్యాయమూర్తి ఓటును కూడా లెక్కేశారన్న కారణంతో సుప్రీంకోర్టు 2019లో దాన్ని పక్కన పెట్టింది. 2020లో అదే అప్పీలు కోర్టు మళ్లీ అదే మాట చెప్పింది. జీతంలో తేడా ఉందని తెలిసిన రోజు నుంచి లెక్కేస్తే ఎనిమిదేళ్లు. ఎంతమంది ఉద్యోగులకు అంత ఓపిక, అంత డబ్బు ఉంటాయి?

ఒక లెక్క కూడా చూడండి. ఇద్దరు ఒకే పనిలో చేరారు. ఒకరికి ఏడాదికి 100, ఇంకొకరికి 110. ఇద్దరికీ ఏటా 5 శాతం చొప్పున పెంచుతూ పోయారు, ఎక్కడా పక్షపాతం లేదు. ఇరవయ్యో ఏడాదికి ఇద్దరి మధ్య తేడా 10 కాదు, 25 దాటుతుంది. ఇరవై ఏళ్లలో మొదటి వ్యక్తి పోగొట్టుకున్నది మొత్తం 330. అంటే తన మొదటి ఏడాది జీతానికి మూడు రెట్ల పైమాటే. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మొదటి మూడేళ్లూ ఊరికే చేసినట్టు! పైగా పదవీ విరమణ పొదుపులు, బోనస్, బ్యాంకు ఇచ్చే అప్పు, అన్నీ ఆ జీతం మీదే లెక్క కడతారు. మొదటి రోజు జంకి ఒక మాట తగ్గించి చెప్పినందుకు పడే శిక్ష ఇది.

2. శాతం చూపించి అసలు విషయం దాచేస్తున్నారు. ఒక పోస్టుకు మీరు 150 నుంచి 190 దాకా ఇవ్వాలని లోపల రాసుకున్నారనుకుందాం. వచ్చిన మనిషికి ప్రస్తుతం 100 వస్తోంది. "30 శాతం హైక్" అని 130 ఇస్తారు. ఆ మనిషి మీకు కృతజ్ఞతలు చెబుతూ చేరతారు. మీరే రాసుకున్న కనీసం కంటే 20 తక్కువకు చేరారని వారికి ఎప్పటికీ తెలియదు. నేను ఇంటికి ఫోన్ చేసి చెప్పిన ఆ 30 శాతం ఇలాంటిదేనేమో. గుర్తొచ్చినప్పుడల్లా బాధేస్తుంది.

3. ముందు బల్ల మీద పడిన అంకె బేరాన్నంతా తన చుట్టూనే తిప్పుకుంటుంది. ఇది నా ఊహ కాదు. ఏమస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక చక్రం తిప్పుతారు. అది 10 దగ్గరో, 65 దగ్గరో ఆగేలా ముందే అమర్చి ఉంటుంది. తర్వాత, ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో ఊహించి చెప్పమంటారు. చక్రం 10 దగ్గర ఆగిందని చూసినవాళ్ల అంచనాలకు మధ్యస్థం 25, 65 చూసినవాళ్లకు 45. ఆ చక్రానికీ ఆ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదని అందరికీ తెలుసు. అయినా మనసు ఆ అంకెను వదల్లేదు. సంబంధం లేని అంకే అంత పని చేస్తే, పే స్లిప్ మీద అచ్చయిన అంకె ఎంత చేస్తుందో ఆలోచించండి. మేం దాన్ని చూపించాక ఇక జరిగేది బేరం కాదు, కూడిక.

4. మధ్యలో ఉద్యోగం ఆపినవాళ్లు అందరికంటే ఎక్కువ నలిగిపోతున్నారు. నా స్నేహితురాలు మంచాన పడ్డ తల్లిని చూసుకోవడానికి మూడేళ్లు ఇంట్లో ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి "మీరు చివరగా తీసుకున్న జీతం" అని మూడేళ్ల కిందటి అంకె అడిగి, దాని మీద కూడా "గ్యాప్ ఉంది కదా" అని కోసేశారు. బిడ్డ పుట్టినవాళ్లు, జబ్బుపడి లేచినవాళ్లు, సంస్థ మూతబడి వీధిన పడినవాళ్లు, చిన్న సంస్థ నుంచి పెద్ద సంస్థకు వచ్చినవాళ్లు, అందరిదీ ఇదే గతి. పనిలో వాళ్ల సత్తా తగ్గలేదు. అవసరం పెరిగింది, అంతే. ఆ అవసరాన్ని కొలిచి జీతం కట్టడం న్యాయమేనా?

5. "ఎవరికీ చెప్పొద్దు" అన్న షరతు. ఆఫర్ లెటర్‌లో జీతం గోప్యం అని రాస్తారు. తోటివారితో మాట్లాడితే క్రమశిక్షణ చర్య అంటారు. ఈ గోప్యత ఎవరిని కాపాడుతోంది? అమెరికాలో లిలీ లెడ్‌బెటర్ ఒక టైర్ల కర్మాగారంలో 19 ఏళ్లు పనిచేశారు. చివర్లో ఎవరో పేరు లేని ఒక చీటీ రాసి పెడితే గానీ, అదే స్థాయిలో ఉన్న మగవాళ్ల జీతాలు ఆమెకు తెలియలేదు. నెలకు ఆమెకు 3,727 డాలర్లు. వాళ్లలో అందరికంటే తక్కువ వస్తున్న వ్యక్తికి 4,286, అందరికంటే ఎక్కువ వస్తున్న వ్యక్తికి 5,236. కోర్టుకు వెళ్తే, జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపే ఫిర్యాదు చేసి ఉండాల్సిందని 2007లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆమెకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. తెలియనివ్వకుండా దాచిన విషయం మీద 180 రోజుల్లో ఎలా ఫిర్యాదు చేస్తారు? చివరికి 2009 జనవరిలో ఆమె పేరు మీదే చట్టం వచ్చింది. తక్కువ జీతం చెల్లించిన ప్రతిసారీ ఫిర్యాదు గడువు కొత్తగా మొదలవుతుందని ఆ చట్టం చెప్పింది. కానీ ఆవిడకు రావాల్సిన డబ్బు మాత్రం రాలేదు.

6. "అడగందే అమ్మైనా పెట్టదు, మీరు అడగలేదు కాబట్టి రాలేదు" అని మీలో చాలామంది అంటారు. ఈ మాట విని విని విసిగిపోయాను, అందుకే కాస్త వివరంగా జవాబు చెబుతాను. అడగడం అందరికీ ఒకేలా చెల్లదు. హన్నా రైలీ బౌల్స్, లిండా బాబ్‌కాక్, లీ లై అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, జీతం పెంచమని అడిగిన ఆడవాళ్లను, అలాగే అడిగిన మగవాళ్ల కంటే ఎక్కువగా తప్పుపట్టారు. అదే మాట మగవాడు అంటే ధీమా, ఆడది అంటే పేచీకోరుతనం. అడగడానికి జంకేది మాటలు రాక కాదు, అడిగితే ఏమవుతుందో చూసి ఉన్నాం కాబట్టి.

దీనికి మందు ఎంత సులువో కూడా చూడండి. ఆండ్రియాస్ లైబ్రాంట్, జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్తలు నిజమైన ఉద్యోగ ప్రకటనలతో, దాదాపు 2,500 మంది దరఖాస్తుదారులతో ఒక అధ్యయనం చేశారు. జీతం గురించి మాట్లాడుకోవచ్చని ప్రకటనలో రాయనప్పుడు ఆడవాళ్ల కంటే మగవాళ్లే ఎక్కువగా బేరమాడారు. మాట్లాడుకోవచ్చని స్పష్టంగా రాసినప్పుడు ఆ తేడా పోయింది. ప్రకటనలో ఒక్క వాక్యం. దానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు కదా.

7. ఉన్న ఉద్యోగంలో జీతం పెరగాలంటే రాజీనామా ఒక్కటే దారి అన్న పరిస్థితి తెచ్చారు. నాకు అన్నింటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. నా సహోద్యోగి ఒకావిడ రెండేళ్లు వరుసగా అడిగింది. "బడ్జెట్ లేదు", "మీ బ్యాండ్‌లో (అంటే మీ హోదాకు పెట్టిన జీతం పరిధిలో) ఇంతే", "వచ్చే సైకిల్‌లో చూద్దాం" అన్నారు. చివరికి బయట ఆఫర్ తెచ్చుకుని రాజీనామా మెయిల్ పంపింది. ఆ సాయంత్రమే పిలిచి, బయటివాళ్లు ఇస్తామన్నంత ఇస్తాం, ఉండిపొమ్మన్నారు. రెండేళ్లు లేని బడ్జెట్ ఒక్క పూటలో ఎక్కడి నుంచి వచ్చింది? డబ్బు మొదటి నుంచీ ఉంది. ఆమె మాట మీద నమ్మకం లేదు, ఆమె వెళ్లిపోతుందన్న భయం మాత్రం ఉంది. ఆమె ఉండలేదు. వెళ్తూ "నా విలువ తెలియక ఇవ్వలేదనుకున్నాను, తెలిసే ఇవ్వలేదు" అంది.

ఈ పద్ధతి మనుషులకు ఏం నేర్పుతుందో గమనించారా? పనిని నమ్ముకుని ఉన్నచోటే ఉన్నవాళ్లు నష్టపోతారు. ఏడాదికోసారి ఇంటర్వ్యూలు తిరిగేవాళ్లు బాగుపడతారు. "బయటి ఆఫర్ తెస్తే చూస్తాం" అని మీరు అన్న ప్రతిసారీ, వెళ్లే ఉద్దేశం లేని మనిషిని కూడా మీరే గుమ్మం దాకా పంపుతున్నారు. ఇంట్లో పిల్లలో, పెద్దవాళ్లో ఉండి ఆ బెదిరింపుకు దిగలేనివాళ్లు కక్కలేక మింగలేక అక్కడే ఉండిపోతారు. వాళ్లే మీకు అందరికంటే చవగ్గా దొరుకుతారు. రాత్రి పడుకునే ముందు ఆ లెక్కలు వేసుకుంటూ వాళ్లు పడే టెన్షన్ మీ రిపోర్టుల్లో కనిపించదు.

8. నోటి హామీలు. "ఇప్పుడు చేరండి, ఆరు నెలల్లో రివ్యూ చేసి సరిచేస్తాం" అంటారు. ఆఫర్ లెటర్‌లో ఆ వాక్యం ఉండదు. ఆరు నెలలకు హామీ ఇచ్చిన వ్యక్తి సంస్థలోనే ఉండరు.

మీరు చెప్పే కారణాల గురించి

జీతాల పరిధి బయటపెడితే లోపలున్న వాళ్లు గొడవ చేస్తారని ఒక సమావేశంలో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన నాతో అన్నారు. లోపలున్న వాళ్లకు తక్కువ ఇస్తున్నామని ఒప్పుకోవడమే కదా అది. గొడవ వస్తుందన్న భయం ఉన్నచోట ముందు సరిచేయాల్సింది జీతాల్ని.

పాత జీతం తెలిస్తే మనిషి స్థాయి అంచనాకు వస్తుందంటారు. స్థాయి తెలియడానికే కదా మూడు రౌండ్లు, నాలుగు రౌండ్లు ఇంటర్వ్యూ చేస్తున్నారు. అంతసేపు మాట్లాడి కూడా తెలియని స్థాయి పే స్లిప్‌లో ఎలా దొరుకుతుంది?

నిజంగానే బడ్జెట్ లేని చిన్న సంస్థలు ఉంటాయి. వాటి కష్టం వేరు, నేను కాదనను. అలాంటివారు ఉన్నదున్నట్టు చెప్పినా చాలు. "మా దగ్గర ఇంతే ఉంది" అని మొదటి ఫోన్‌లోనే చెబితే, ఇష్టమైనవాళ్లు తెలిసే వస్తారు, లేనివాళ్లు తమ టైమ్, మీ టైమ్ మిగుల్చుతారు.

ఇది కుదరని పని కూడా కాదు. జీతంతో సహా ఆఫర్ ఇవ్వకముందు పాత జీతం అడగకూడదని మసాచుసెట్స్ రాష్ట్రం 2016లోనే చట్టం చేసి 2018 జులై నుంచి అమలు చేసింది. న్యూయార్క్ నగరం 2017లో, కాలిఫోర్నియా 2018లో ఆ ప్రశ్నను ఆపేశాయి. ఇలాంటి నిషేధాలు వచ్చిన చోట్ల ఉద్యోగం మారినవాళ్ల జీతాలు సగటున 5 శాతం దాకా, ఆడవాళ్లవైతే 8 శాతం దాకా ఎక్కువ పెరిగాయని బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో లెక్కగట్టారు. కొలరాడోలో 2021 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం పరిధి రాయాలి. యూరోపియన్ యూనియన్ 2023లో ఆమోదించిన ఆదేశం ఇంకా ముందుకెళ్లింది. జీతం గురించి తెలిసి మాట్లాడుకునేలా, ఇంటర్వ్యూకు ముందే అభ్యర్థికి పరిధి చెప్పాలి. పాత జీతం అడగకూడదు. తమ జీతం గురించి ఇతరులకు చెప్పుకోకుండా ఉద్యోగుల నోరు కట్టేయకూడదు. సభ్యదేశాలు దీన్ని తమ చట్టాల్లోకి తేవడానికి పెట్టిన గడువు 2026 జూన్ 7. జీతం గురించి తోటివారితో మాట్లాడుకునే హక్కును అమెరికా కార్మిక చట్టం 1935 నుంచే చాలామంది ఉద్యోగులకు ఇచ్చింది. సమానమైన పనికి సమాన వేతనం అన్న మాట అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన ఒప్పందంలో ఉంది, భారత రాజ్యాంగం 39వ అధికరణంలోనూ ఉంది. ఆ మాటను మీ ఫారంలోని "ప్రస్తుత జీతం" అన్న ఒక్క గడి నీరుగార్చేస్తోంది.

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన అవసరం మీకు లేదు. ఆ గడి తీసేయడం రేపు ఉదయం మీ చేతిలోని పని.

మా డిమాండ్లు

1. దరఖాస్తు ఫారాల్లో "ప్రస్తుత జీతం", "చివరగా తీసుకున్న జీతం" గడులు తీసేయండి. ఆఫర్ ఇవ్వకముందు పే స్లిప్పులు అడగవద్దు. మీ తరఫున మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీలకూ ఇదే షరతు పెట్టండి. మీరు అడగకపోయినా వాళ్లు అడిగి మీకు చెబితే ఫలితం ఒకటే.

2. ప్రతి ఉద్యోగ ప్రకటనలో జీతం పరిధి రాయండి. ఆ పరిధి నిజాయితీగా ఉండాలి. న్యూయార్క్‌లో 2022లో ఈ నియమం వచ్చాక కొందరు కింది అంకెకూ పై అంకెకూ పొంతన లేని పరిధులు రాసి చేతులు దులుపుకున్నారు. మొన్న అదే పోస్టులో చేరిన మనిషికి ఎంత ఇచ్చారో, ఈసారి ఎంతకు మించి ఇవ్వరో, ఆ రెండూ అందులో కనపడాలి. మూల వేతనం ఎంత, పనితీరు మీద ఆధారపడిన భాగం ఎంత అన్నది విడిగా రాయండి. చేతికి రాని అంకెలు కలిపి మొత్తం పెద్దది చేసి చూపించవద్దు.

3. జీతం గురించి మాట్లాడుకోవచ్చో లేదో ప్రకటనలోనే ఒక వాక్యం రాయండి. కుదరకపోతే కుదరదనే రాయండి. అప్పుడు అది అందరికీ కుదరకూడదు.

4. ఇప్పటికే పనిచేస్తున్న వారి జీతాలను ఏడాదికోసారి అదే పోస్టుకు కొత్తవారికి ఇస్తున్న జీతంతో పోల్చి చూడండి. కారణం చెప్పలేని తేడా కనిపిస్తే ఆ ఉద్యోగి అడగక్కర్లేకుండానే సరిచేయండి. దీన్ని వార్షిక ఇంక్రిమెంట్‌తో కలపవద్దు. ఇంక్రిమెంట్ పనికి ఇచ్చేది, ఇది పొరపాటుకు చేసే దిద్దుబాటు. అన్ని డిమాండ్లలో నాకు అతి ముఖ్యమైనది ఇదే. మొదటి మూడూ రేపు చేరేవారి కోసం, ఇది నిన్నటి నుంచీ నష్టపోతున్నవారి కోసం.

5. జీతం పెంచమని రాతపూర్వకంగా అడిగిన వారికి 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కాదంటే ఎందుకు కాదో, ఏం చేస్తే అవుతుందో, ఎప్పుడు మళ్లీ చూస్తారో రాయండి. అడిగినందుకు రేటింగ్ తగ్గించే పని ఎక్కడా జరగకూడదు.

6. జీతం గోప్యం అన్న షరతును ఆఫర్ లెటర్ల నుంచి తొలగించండి.

7. ఆరు నెలల రివ్యూ, జాయినింగ్ బోనస్, ఇంకే హామీ అయినా ఆఫర్ లెటర్‌లో తేదీతో సహా ఉండాలి. ఆ లెటర్ చదివి ఆలోచించుకోవడానికి కనీసం ఐదు పనిదినాలు ఇవ్వండి. "ఈ సాయంత్రంలోగా చెప్పండి, లేకపోతే వేరేవాళ్లకు ఇస్తాం" అనడం ఆపండి. జీవితంలో పెద్ద నిర్ణయాన్ని ఎవరూ అంత గాభరాగా తీసుకోకూడదు.

నాలాగే బల్లకు ఇవతల కూర్చునేవారికి కూడా ఒక్క మాట చెప్పాలి. "ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు?" అని అడిగితే, "ఈ పోస్టుకు మీరు అనుకున్న పరిధి ఎంతండీ?" అని ముందు మీరు అడగండి. అది అమర్యాద కాదు. అదే పని చేస్తున్న ఇద్దరు ముగ్గురిని కనుక్కుని వెళ్లండి. ఆఫర్ వచ్చాక, సంతకం పెట్టకముందు అడిగిన దానికే బలం ఎక్కువ. మీ జీతం ఎంతని నమ్మకంగా అడిగిన జూనియర్‌కు దాచకుండా చెప్పండి. పదకొండేళ్ల కిందట నాకు అలా చెప్పే మనిషి ఒక్కరున్నా నా బేస్ వేరేగా ఉండేది.

అధికారులారా, ఈ లేఖకు జవాబు ఇవ్వాలనుకుంటే నాకు విడిగా అక్కర్లేదు. మీ తర్వాతి ఉద్యోగ ప్రకటనలో జీతం పరిధి కనిపిస్తే అదే నాకు జవాబు.

వచ్చే వారం నాకు ఒక ఇంటర్వ్యూ ఉంది. వాళ్లు పంపిన ఫారంలో "ప్రస్తుత జీతం" గడి ఉంది, తప్పనిసరిగా నింపాలన్న గుర్తు కూడా పక్కనే ఉంది. అక్షరాలు రాయబోతే ఆ గడి తీసుకోలేదు, అంకెలే కావాలంది. సున్నా వేశాను. వేసి, విడిగా ఒక మెయిల్ పంపాను: "ఆ గడిలో వేసిన సున్నా పొరపాటు కాదండీ. నా పాత జీతం చెప్పదలచుకోలేదు. ఈ పోస్టుకు మీరు నిర్ణయించిన పరిధి ఎంతో దయచేసి తెలియజేయగలరు." నాలుగు రోజులైంది. ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
పదకొండేళ్ల అనుభవం ఉన్న ఒక ఉద్యోగిని